కలం పట్టిన చేతికి ప్రేరణ ఎక్కడిది?

ఒక చక్కని చిత్రాన్నో, మసీదు గోడపై అక్షరాల సొగసునో చూసినప్పుడు మన మనస్సులో మొదట మెదిలే ప్రశ్న ‘ఈ ఊహ వీరికి ఎలా తట్టింది?’ అన్నదే. ప్రేరణ అనేది మెరుపులా ఒక్కసారి మెరిసి కళాకారుణ్ణి కదిలిస్తుందని సాధారణంగా భావిస్తాము. మన కాలపు కళాకారుల జీవితాలను దగ్గరగా పరిశీలిస్తే మరొక సత్యం బోధపడుతుంది. వారిలో పలువురు తమ చేతికి వచ్చిన ఒక అమానతును కాపాడుకొనే ప్రయత్నంలోనే కళాకారులయ్యారు. ఆ అమానతు ఒకరికి మాతృభాష, ఒకరికి పూర్వికుల లిపి, మరొకరికి గురువు చేతి నుంచి అందిన విద్య.

ఈ సంగతి మన కుటుంబాలకు దూరమైనది కాదు. తెలుగునాట ముస్లిం ఇళ్ళలో పెరుగుతున్న పిల్లలలో అనేకులు తెలుగులోనో, ఇంగ్లీషులోనో చదువుకుంటున్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతారు, చదవమంటే తడబడతారు. ఖుర్ఆన్ పారాయణం నేర్చుకుంటారు. కలం పట్టి ఒక్క అలిఫ్‌ను తీర్చి రాయమంటే చేయి సాగదు. నానమ్మ దాచిన ఉత్తరాలు ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంటాయి, వాటిని చదివే మనుమడు ఉండడు. ఆ ఇంట్లోనే ఒక పిల్లవాడు లెక్కల పుస్తకం అంచుల నిండా గీతలు గీస్తుంటాడు. ‘దీనితో కడుపు నిండుతుందా?’ అని తండ్రి మందలిస్తాడు. ‘బొమ్మలు గీస్తే గునాహ్’ అని అమ్మమ్మ భయపెడుతుంది. రెండూ ప్రేమతో అన్న మాటలే. వాటికి సమాధానం వెదికే ముందు, అక్షరాన్నే ప్రేరణగా చేసుకున్న ముగ్గురు కళాకారులను పరిచయం చేసుకుందాం. ఒకరికి లిపి పుట్టింటి నుంచి వచ్చింది, ఒకరికి ఆలస్యంగా దొరికింది, మూడవవారికి దానితో పుట్టుకతో ఏ సంబంధమూ లేదు.

ఇల్లు లేనప్పుడు భాషే ఇల్లు

జరీనా హష్మీ 1937లో అలీగఢ్‌లో జన్మించారు. తండ్రి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చరిత్ర అధ్యాపకులు. బాల్యంలో ఆయన వెంట ఫతేపూర్ సిక్రీ, ఢిల్లీ కట్టడాలను తిరిగి చూసిన ఆ బాలికకు వాటి కొలతలు, గోడల అమరిక చిరకాలం గుర్తుండిపోయాయి. ఆమె కళాశాలలో చదివినది గణితం. 1958లో పట్టా పుచ్చుకున్నారు. దౌత్యాధికారిని వివాహమాడి దేశదేశాలు తిరుగుతూ బ్యాంకాక్‌లో, పారిస్‌లో, టోక్యోలో ముద్రణ కళను నేర్చుకున్నారు. చెక్కపలకపై రూపాన్ని చెక్కి, సిరా పూసి, కాగితంపై అచ్చు తీసే విద్య అది. ఆ తరువాత దశాబ్దాలపాటు న్యూయార్క్‌లో నివసించారు.

ఆమె విదేశాలకు వెళ్ళిన కొద్దికాలానికే తల్లిదండ్రులు, తోబుట్టువులు పాకిస్తాన్‌కు తరలిపోయారు. అలీగఢ్‌లోని పుట్టిల్లు జ్ఞాపకంగా మిగిలింది. దేశ విభజన ఒక్క రోజులో ముగిసిన సంఘటన కాదనీ, అది కుటుంబాలను ఏళ్ళ తరబడి చీలుస్తూనే వచ్చిందనీ ఆమె జీవితమే చెబుతుంది. 2001లో ఆమె భారత, పాకిస్తాన్ సరిహద్దు రేఖను చిత్రంగా మలచారు. ఆ గీతను పలకపై గీయలేదు. పలకలోని తక్కిన భాగాన్నంతటినీ ఉలితో చెక్కి తీసివేసి, గీతను మాత్రం మిగిల్చారు. ఒక సరిహద్దు నిలవడానికి ఎంత తొలగించవలసి వచ్చిందో చూపడానికి అంతకంటె మరో మార్గం ఉంటుందా?

1999లో రూపొందించిన ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’ అనే చిత్రమాలలో 36 అచ్చు చిత్రాలున్నాయి. ప్రతి దానికీ ఆధారం ఒక ఉర్దూ మాట. ఇల్లు, గడప, భాష, సరిహద్దు వంటి మాటలను కాతిబ్ చేత నస్తలీఖ్ లిపిలో రాయించి, ప్రతి మాట పక్కన కొద్దిపాటి గీతలతో ఒక రూపాన్ని నిలిపారు. అంటే ఆమెకు ముందు మాట వచ్చింది, ఆ తరువాతే బొమ్మ.

2004లో వచ్చిన ‘లెటర్స్ ఫ్రమ్ హోమ్’ మరింత హృదయవిదారకమైనది. పాకిస్తాన్‌లో ఉన్న సోదరి రాణీ ఆమెకు ఉర్దూలో ఉత్తరాలు రాసేవారు. అమ్మానాన్నల మరణం, ఇల్లు అమ్ముకోవడం, పిల్లలు దూరమవడం వాటిలోని విషయాలు. రాసిన వెంటనే వాటిని పంపలేకపోయారు. అవి చాలా ఏళ్ళకు జరీనా చేతికి అందాయి. ఆ ఉత్తరాలను ఆమె యథాతథంగా అచ్చువేసి, వాటిపై ఇళ్ళ నమూనాలను, నగరాల పటాలను నల్లని గీతలతో ముద్రించారు. చూసేవారికి అక్కచెల్లెళ్ళ మధ్య నడిచిన దుఃఖం తెలుస్తుంది. లోపలి మాటలు మాత్రం సగం మరుగున ఉంటాయి. ఒక కుటుంబం మర్యాదను కాపాడుతూనే దాని బాధను లోకానికి చెప్పిన తీరు అది.

2011లో వెనిస్ బినాలే ప్రదర్శనలో భారతదేశం తొలిసారి తన సొంత మంటపాన్ని ఏర్పాటు చేసినప్పుడు అందులో పాల్గొన్న కళాకారులలో జరీనా ఒకరు. 2020 ఏప్రిల్‌లో లండన్‌లో ఆమె కన్నుమూశారు. ప్రపంచంలోని ప్రసిద్ధ మ్యూజియంలలో వేలాడుతున్న ఆ చిత్రాలకు మూలం ఒక అక్క చేతిరాత అన్న సంగతి మనం మరువరాదు.

పరాయి నేలపై పుట్టి, లిపిని వెదుక్కున్నవాడు

ఎల్ సీడ్ అన్న కలంపేరుతో లోకానికి తెలిసిన కళాకారుడు 1981లో ఫ్రాన్స్‌లో, ట్యునీషియా నుంచి వలస వచ్చిన దంపతులకు జన్మించారు. ఇంట్లో ట్యునీషియా మాండలికం మాట్లాడేవారు. అరబీ చదవడం, రాయడం ఆయనకు రాదు. పుట్టిన దేశం పరాయివాడిగా చూస్తుంది, పూర్వికుల దేశం భాష రానివాడిగా చూస్తుంది. ఈ రెంటి నడుమ నలిగిన ఆ యువకుడు యుక్తవయస్సులో అరబీ అక్షరాలు దిద్దడం ప్రారంభించారు. ఆ అన్వేషణ నుంచే ఆయన కళ పుట్టింది. వీధి గోడలపై రంగులు చల్లే నేటి పద్ధతినీ, అరబీ అక్షరాల వంపులనూ కలిపి ఆయన తనదైన శైలిని ఏర్పరచుకున్నారు.

2012 వేసవిలో ట్యునీషియాలో కళ విషయమై తీవ్రమైన ఉద్రిక్తత నెలకొన్నది. రాజధాని సమీపాన ఒక చిత్రకళా ప్రదర్శనపై దాడి జరిగి, అల్లర్లు చెలరేగాయి. సరిగ్గా ఆ వేసవిలోనే గాబెస్ పట్టణంలో జారా మసీదుకు చెందిన 57 మీటర్ల ఎత్తైన మినారుపై రాయడానికి ఎల్ సీడ్ పూనుకున్నారు. ఎన్నో ఏళ్ళుగా బోసిగా నిలిచి ఉన్న కాంక్రీటు మినారు అది. మసీదు ఇమామ్ అందుకు సంతోషంగా అనుమతించారు. ఆయన ఎంచుకున్నది దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 13వ ఆయత్. మానవులంతా ఒకే స్త్రీ పురుషుల సంతానమనీ, జాతులు తెగలుగా ఏర్పడినది పరస్పరం గుర్తించుకొనేందుకేననీ బోధించే వాక్యమది. కళ పేరిట, ధర్మం పేరిట జనం రెండుగా చీలిన రోజులలో ఆ మినారు ఉభయులకూ ఒకే మాట వినిపించింది.

నాలుగేళ్ళ తరువాత, 2016లో, ఆయన కైరో నగరం అంచున ఉన్న మన్షియత్ నాసర్ పేటకు వెళ్ళారు. నగరపు చెత్తను సేకరించి, వేరుచేసి, తిరిగి వాడుకలోకి తెచ్చే కాప్టిక్ క్రైస్తవ కుటుంబాలు అక్కడ నివసిస్తాయి. చెత్త మనుషులని నగరం వారిని చిన్నచూపు చూస్తుంది. ఎల్ సీడ్ తన బృందంతో కలిసి దాదాపు 50 ఇళ్ళ గోడలపై ఒకే వాక్యాన్ని ముక్కలు ముక్కలుగా చిత్రించారు. వీధిలో నిలబడి చూస్తే రంగుల వంపులు తప్ప ఏమీ అర్థం కాదు. ఎదుటి ముఖత్తమ్ కొండపైకి ఎక్కి, ఒక నిర్ణీత స్థలం నుంచి చూసినప్పుడే వాక్యం పూర్తిగా కుదురుతుంది. అది నాల్గవ శతాబ్దపు అలెగ్జాండ్రియా బిషప్ అథనేషియస్ చెప్పిన మాట. చూడదలచినవాడు ముందు తన చూపును శుభ్రపరచుకోవాలన్నది దాని సారాంశం. మురికి ఆ పేటలో ఉన్నదా, చూసేవారి కంటిలో ఉన్నదా అన్న ప్రశ్నను ఆయన గోడలచేత అడిగించారు. ఒక ముస్లిం కళాకారుడు క్రైస్తవ సోదరుల గౌరవం కోసం, వారికి ప్రియమైన వారి పెద్దల మాటనే అరబీ లిపిలో వారి గోడలపై నిలపడం మినారుపై రాసిన ఆయత్‌కు ఆచరణ రూపమని చెప్పవచ్చు.

దుకాణపు అద్దం వెనుక కనిపించిన గీత

మూడవ కళాకారుడు మహమ్మద్ జకరియా. ఆయన 1942లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించారు. యంత్ర పరికరాల పని నేర్చిన యువకుడు. కౌమారం దాటుతున్న రోజులలో సాంటా మోనికాలో ఒక ఆర్మీనియన్ వర్తకుడి తివాచీల దుకాణం ముందు నడుస్తూ, అద్దం వెనుక ఉన్న ఒక అరబీ లిపి ఫలకాన్ని చూశారు. అందులో ఏమి రాసి ఉన్నదో తెలియదు. ఆ గీతల పొందిక మాత్రం ఆయనను వదలలేదు. మొరాకో ప్రయాణం, ఇస్లాం స్వీకారం, సొంతంగా సాధన వరుసగా జరిగాయి. అనేక సంవత్సరాలు తనంత తానే నేర్చుకుని, మంచి లేఖకుడిగా పేరు తెచ్చుకున్నారు కూడా.

అయినా 1984లో ఆయన ఇస్తాంబుల్‌లోని ప్రసిద్ధ లేఖకులు హసన్ చెలెబీ శిష్యరికానికి సిద్ధపడి, మొదటి పాఠం నుంచి మళ్ళీ ప్రారంభించారు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, ఆ విద్యలో అప్పటికే పేరున్నవాడు, పలక పట్టిన పిల్లవానిలా కూర్చున్నాడన్నమాట. గురువు ఇస్తాంబుల్‌లో, శిష్యుడు అమెరికాలో ఉండేవారు. పాఠం రాసి తపాలాలో పంపితే, గురువు తప్పులను సరిదిద్ది తిప్పి పంపేవారు. 1988లో ఆయనకు ఇజాజత్ లభించింది. ఆ విధంగా ఇజాజత్ పొందిన తొలి అమెరికన్ ఆయనే.

ఈ గురుశిష్య పద్ధతి గురించి కొంత తెలుసుకోవడం అవసరం. శిష్యుడు దిద్దే మొదటి పాఠం ఒక దుఆ. పనిని సులభం చేయమనీ, శుభంగా ముగించమనీ ప్రభువును వేడుకొనే ఆ చిన్న వాక్యం దగ్గరే నెలల తరబడి ఆగిపోయే శిష్యులుంటారు. అక్షరాల కొలత కలం మొనతో పెట్టే చుక్క. దీనిని నుఖ్తా అంటారు. సులుస్ లిపిలో అలిఫ్ ఎత్తు సాధారణంగా ఏడు నుఖ్తాలు. 10వ శతాబ్దపు బాగ్దాద్ వజీరు ఇబ్న్ ముఖ్లా పేరుతో ముడిపడిన ఈ కొలమానం నేటికీ చెల్లుతున్నది. రెల్లు కలాన్ని చెక్కుకోవడం, దీపపు మసితో చేసిన సిరాను సరిచూసుకోవడం, గుడ్డు తెల్లసొన, పటిక కలిపి పూసిన కాగితాన్ని నున్నగా రుద్దడం అన్నీ విద్యలో భాగాలే. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఇజాజత్ లభించేవరకు శిష్యుడు తన రచన కింద తన పేరు రాసుకోరాదు. అందమైనదాన్ని సృష్టించే చేతికి ముందుగా వినయం నేర్పే నియమమిది.

2001 సెప్టెంబర్ 1న అమెరికా తపాలా శాఖ ఈద్ పండుగల సందర్భంగా తొలిసారి ఒక బిళ్ళను విడుదల చేసింది. నీలి నేపథ్యంపై బంగారు రంగులో ‘ఈద్ ముబారక్’ అన్న అక్షరాలను జకరియా సులుస్ శైలిలో రాశారు. దాని వెల 34 సెంట్లు. పది రోజులు గడిచాయో లేదో, సెప్టెంబర్ 11 దాడులు జరిగాయి. ఆ బిళ్ళను ఉపసంహరించాలని కొందరు పట్టుబట్టారు. అమెరికన్ ముస్లింలు, వారితోపాటు అనేక మంది ఇతర మతస్థులు దానిని నిలబెట్టాలని కోరారు. మరుసటి ఏడాది కొత్త తపాలా రేటుకు తగినట్లు 37 సెంట్ల వెలతో అది మళ్ళీ వెలువడింది. ద్వేషం రాజుకున్న రోజులలో లక్షల ఉత్తరాలపై శుభాకాంక్షలుగా ప్రయాణించిన ఆ రెండు మాటల వెనుక, ఓపికగా దిద్దిన వేల అలిఫ్‌లున్నాయి.

అందం, అహంకారం

అమ్మమ్మ భయానికి సమాధానం ఇప్పుడు చూద్దాం. ప్రాణుల చిత్రాల విషయంలో ధర్మవేత్తల మధ్య విస్తృతమైన చర్చ ఉన్నది. ఆ విషయంలో కుటుంబాలు తాము విశ్వసించే పండితులను సంప్రదించడమే మేలు. అయితే అక్షరకళ, రేఖాగణిత అలంకరణ, లతలు పువ్వుల అల్లిక పధ్నాలుగు శతాబ్దాలుగా ముస్లింల ఇళ్ళను, గ్రంథాలను, మసీదులను అలంకరిస్తూనే ఉన్నాయి. తొలి దైవవాణిలోనే కలం ప్రస్తావన ఉన్నది. ఖుర్ఆన్‌లో ఒక సూరాకు కలం పేరే ఉన్నది. గీతలు గీసే పిల్లవాని చేతిలో నుంచి పెన్సిలు లాక్కోనక్కరలేదు. ఆ చేతికి దారి చూపితే చాలు.

సహీహ్ ముస్లింలో ఒక ప్రసిద్ధ హదీసు ఉన్నది. మంచి దుస్తులు, మంచి పాదరక్షలు ధరించాలని కోరుకోవడం కూడా గర్వమేనా అని ఒక వ్యక్తి అడిగాడు. దైవప్రవక్త (స) ఆ కోరికను తప్పుపట్టలేదు. అల్లాహ్ సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ఇష్టపడతాడనీ తెలిపి, సత్యాన్ని తిరస్కరించడం, సాటి మనుషులను హీనంగా చూడడమే అహంకారమని వివరించారు. అందానికీ అహంకారానికీ మధ్య గల ఈ గీతను పైన చెప్పిన ముగ్గురి జీవితాలలోనూ గుర్తించవచ్చు. జరీనా తన దుఃఖాన్ని ప్రదర్శన వస్తువుగా మార్చలేదు. ఎల్ సీడ్ నగరం హీనంగా చూసినవారి గోడలనే ఎంచుకున్నారు. జకరియా పేరు వచ్చిన తరువాత కూడా తిరిగి శిష్యుడయ్యారు.

తండ్రి అడిగిన ప్రశ్న కూడా న్యాయమైనదే. కళతో అందరికీ కడుపు నిండదు. జకరియా యంత్ర పరికరాల పని తెలిసినవారు. ఆయన గురువు హసన్ చెలెబీ ఉస్కుదార్‌లో ముఅజ్జిన్‌గా, ఇమామ్‌గా సేవ చేస్తూనే సాధన సాగించారు. ఐదు పూటల అజాన్ ఇచ్చిన ఆయనే ఎందరో శిష్యులను తీర్చిదిద్దారు. వృత్తి ఒకటి చేస్తూ విద్య మరొకటి నిలుపుకోవడం మన సంప్రదాయానికి కొత్త కాదు. పిల్లవాడు ఇంజినీరు కావచ్చు, దర్జీ కావచ్చు. చేతిలోని కలను కూడా వెంట తీసుకుపోవచ్చు.

మన చెంతనే ఉన్న సంపద

ప్రేరణ కోసం కైరోకో ఇస్తాంబుల్‌కో వెళ్ళవలసిన పని లేదు. గోల్కొండ చెంత కుతుబ్‌షాహీ సమాధుల నల్లరాతిపై సులుస్, నస్ఖ్, నస్తలీఖ్ లిపులలో చెక్కిన పంక్తులు నేటికీ చెక్కుచెదరక నిలిచి ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో అపురూపమైన ఖుర్ఆన్ చేతిరాత ప్రతులున్నాయి. చార్మినార్ చూడడానికి పిల్లలను తీసుకువెళ్ళే మనం, ఒక గంట వెచ్చించి ఆ అక్షరాలను కూడా చూపించవచ్చు. ‘ఈ రాతిలో మీమ్ ఎక్కడున్నదో వెదుకు’ అంటే చాలు, ఆ గంట ఆటలా గడిచిపోతుంది.

హైదరాబాదు ఛత్తా బజార్‌లో ఒకప్పుడు కాతిబుల చేతి నుంచే పెళ్ళి పత్రికలు, పుస్తకాలు రూపుదిద్దుకొనేవి. ఉర్దూ పత్రికలలో వార్తలన్నీ వారే చేతితో రాసేవారు. 1981లో పాకిస్తాన్‌లో అహ్మద్ మీర్జా జమీల్ కృషితో నూరీ నస్తలీఖ్ అక్షరాలు కంప్యూటర్‌లోకి వచ్చాయి. చేతిరాత అందాన్ని యంత్రానికి నేర్పిన గొప్ప ప్రయత్నమది. దానితో ఉర్దూ ముద్రణ వేగం పుంజుకున్నది; అదే సమయంలో కాతిబుల జీవనాధారం క్రమంగా సన్నగిల్లింది. యంత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు. అయితే ఆ యంత్రంలోని ప్రతి అక్షరం వెనుక ఒక మనిషి చేయి ఉన్నదన్న సంగతి మన పిల్లలకు తెలియాలి. 2021లో యునెస్కో అరబీ అక్షరకళను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితాలో పేరున్నంత మాత్రాన విద్య బతకదు. అది ఒక చేతి నుంచి మరొక చేతికి అందితేనే బతుకుతుంది.

ఆ అందించే పని ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. సెలవు రోజున ట్రంకు పెట్టె తెరిచి నానమ్మ ఉత్తరాలను బయటకు తీయండి. ఆమె ఉంటే ఆమె చేత, లేకపోతే చదవడం వచ్చిన ఇరుగుపొరుగు పెద్దల చేత పిల్లలకు చదివి వినిపించండి. ఇంట్లో ఉర్దూ రాయగల చివరి వ్యక్తి చేత పిల్లల పేర్లను కాగితంపై రాయించండి. ఒక వెదురు పుల్లను ఏటవాలుగా చెక్కితే కలం సిద్ధమవుతుంది; పిల్లవాడు ఆ పేరును దిద్దుతాడు. అదే కలంతో తెలుగు అక్షరాలను కూడా దిద్దనివ్వండి. గుండ్రని ఒంపులకు తలకట్టు తొడిగిన మన తెలుగు అక్షరం కూడా మనకు లభించిన అమానతే. రెండు లిపుల మధ్య పెరిగే బిడ్డ ఒకదానిని వదులుకోనక్కరలేదు.

రాణీ ఆ ఉత్తరాలను రాస్తున్నప్పుడు అవి ఒకనాడు కళాఖండాలవుతాయని అనుకోలేదు. తన చెల్లెలికి ఇంటి కబురు చెప్పాలనుకున్నది, అంతే. మనం నేడు మన పిల్లల చేతికి అందించే నాలుగు అక్షరాలు రేపు ఎవరిని కదిలిస్తాయో అల్లాహ్‌కే తెలుసు.